రాజుగారి కోట, మన రేకు పెట్టె

మీ ఇంట్లో బీరువా పైనో, అటక మీదో ఒక రేకు పెట్టె ఉందా? తాళం చెవి ఎక్కడుందో ఎవరికీ సరిగ్గా తెలియని పెట్టె. లోపల పాత పాస్‌బుక్కులు, పెళ్లి శుభలేఖలు, నీలం రంగు ఇన్‌లాండ్ లెటర్లు, ఎవరూ చదవలేని ఒకటి రెండు ఉర్దూ కాగితాలు. పండక్కి సున్నాలు వేసేటప్పుడు కిందికి దింపుతారు, దుమ్ము దులుపుతారు, మళ్లీ పైన పెడతారు. ఒక ఏడు కొత్త ఇల్లు కడతారు. "ఇవన్నీ ఇంకెందుకు" అని ఎవరో ఒకరు అంటారు. అంతే. మూడు తరాల కథ పాత పేపర్ల బండెక్కి కిలోల లెక్కన వెళ్లిపోతుంది.

ఈ వారం ఆ పెట్టె గురించే మాట్లాడుకుందాం. దానికి ముందు ఒక రాజుగారి కోట దాకా వెళ్లొద్దాం. దూరమేం కాదు. సూర్యాపేట నుంచి విజయవాడ హైవే మీద కోదాడ వైపు వెళ్తుంటే మునగాల వస్తుంది. ఆ చుట్టుపక్కలే నడిగూడెం.

నేల మీద ద్వీపం

మునగాల పరగణా ఒకప్పుడు నేల మీద ద్వీపం లాంటిది. చుట్టూ నిజాం ఇలాకా. మధ్యలో ఈ జమీందారీ మాత్రం మద్రాసు ప్రెసిడెన్సీలో, కృష్ణా జిల్లా కింద. 1959లో నల్లగొండ జిల్లాలో కలిపేదాకా రికార్డుల్లో ఇది కృష్ణా జిల్లాయే. ఇక్కడి జమీందారు రాజా నాయని వెంకట రంగారావు. కోట నడిగూడెంలో. ఆయన దగ్గర దివాన్‌గా పనిచేసిన మనిషి కొమర్రాజు లక్ష్మణరావు.

గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యేవాళ్లకు ఈ పేరు బిట్ ప్రశ్నగా తెలుసు. "తెలుగులో తొలి విజ్ఞాన సర్వస్వం ఎవరిది?" అంటే టిక్ పెట్టేస్తాం. ఆ టిక్ వెనక మనిషిని చూద్దాం. 1877లో పెనుగంచిప్రోలులో పుట్టారు. నాగపూర్‌లో అక్క ఇంట్లో ఉండి చదువుకున్నారు. చదువయ్యాక మునగాల దివాన్ ఉద్యోగం. ఉద్యోగం జమీందారీ లెక్కలు చూడటం, మనసు మాత్రం పుస్తకాల మీద.

1901 సెప్టెంబర్ 1న హైదరాబాద్‌లో రావిచెట్టు రంగారావు గారింట్లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం మొదలైంది. సుల్తాన్ బజార్‌లో ఇప్పటికీ ఉంది. దాని వెనకున్నవాళ్లలో మునగాల రాజా, ఆయన దివాన్ ఇద్దరూ ఉన్నారు. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి. ఆ మండలి వేసిన మొదటి పుస్తకం గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ జీవిత చరిత్ర. ఆ తర్వాత విజ్ఞాన సర్వస్వం పని ఎత్తుకున్నారు. మూడు సంపుటాలు అచ్చులో వచ్చాయి. 1923 జూలైలో, 46 ఏళ్లకే పోయారు. పని మధ్యలో ఆగింది. 1930ల్లో కాశీనాథుని నాగేశ్వరరావు మళ్లీ దాన్ని చేతిలోకి తీసుకోవాల్సి వచ్చింది.

ఒక్కసారి ఊహించుకోండి. రాజా నడిగూడెంలో, గ్రంథాలయం హైదరాబాద్‌లో, మండలి తర్వాత మద్రాసుకు మారింది. ఫోన్లు లేవు, వాట్సాప్ గ్రూపు లేదు. రచయితలతో, ప్రెస్సుతో, చందాదారులతో మాట్లాడాలంటే పోస్టే దిక్కు. అంటే ఆ ఉద్యమమంతా ఉత్తరాల మీద నడిచింది.

కోడ్ రాసే ఉద్యోగం చేసే నాకు ఇది ఇలా అర్థమవుతుంది. అచ్చైన పుస్తకం అనేది ఫైనల్ రిలీజ్. ఉత్తరాలు కమిట్ హిస్టరీ. ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారు, ఎవరు వద్దన్నారు, డబ్బు ఎక్కడ ఆగింది, ఏ వాక్యం ఎన్నిసార్లు కొట్టేశారు అన్నది రిలీజ్‌లో కనపడదు. హిస్టరీ డిలీట్ అయితే ప్రోగ్రాం నడుస్తూనే ఉంటుంది. అది ఎందుకు అలా ఉందో చెప్పేవాళ్లు మాత్రం మిగలరు.

ఒక్క కాగితం ఏం చేయగలదు

ఇదే కుటుంబంలో ఇంకో కథ ఉంది. లక్ష్మణరావు అక్క భండారు అచ్చమాంబ. బడికి వెళ్లలేదు. తమ్ముడు చదువుకుంటుంటే అతని దగ్గరే అక్షరాలు నేర్చుకుంది. తర్వాత 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసింది. కథలు రాసింది. 1905 జనవరిలో, 30 ఏళ్లకే పోయింది.

మన స్కూలు పుస్తకాల్లో తొలి తెలుగు కథ ఏది? గురజాడ 'దిద్దుబాటు', 1910. చాలా దశాబ్దాలు అదే మాట. కానీ అచ్చమాంబ రాసిన 'ధన త్రయోదశి' 1902 నవంబర్‌లోనే 'హిందూ సుందరి' పత్రికలో వచ్చింది. ఎనిమిదేళ్లు ముందు! పాత సంచికల్లోంచి ఆమె కథలు బయటికి తీసి, సంగిశెట్టి శ్రీనివాస్ 2010లో పుస్తకంగా వేశారు. అప్పటికి ఆమె పోయి వందేళ్లు దాటింది.

గమనించండి, ఆ కథ మనకు మిగిలింది అది పత్రికలో అచ్చయింది కాబట్టి, ఆ పత్రికను ఎక్కడో ఎవరో పారేయలేదు కాబట్టి. లేకపోతే తొలి కథల వరుసలో ఒక ఆడమనిషి ఉండేదన్న సంగతే తెలిసేది కాదు. మన ఇళ్లల్లో కూడా ఇదే లెక్క. తాత భూమి కాగితాలకు తాళం వేసిన బీరువా. నాయనమ్మ రాసుకున్న పాటల నోటుబుక్కుకు, పద్దుల పుస్తకానికి పొయ్యి పక్కన గూడు. ఏది మిగులుతుందో చెప్పక్కర్లేదు.

నడిగూడెం కోటకు ఇంకో గొప్ప పేరుంది. జాతీయ జెండా రూపకర్త పింగళి వెంకయ్య మునగాల రాజా ఆహ్వానం మీద ఇక్కడ కొన్నేళ్లు ఉన్నారు, పత్తి మీద పరిశోధన చేశారు. జెండా ఆలోచన ఈ కోటలోనే రూపం తీసుకుందని స్థానికులు గర్వంగా చెప్పుకుంటారు. వెంకయ్య 1916లో జెండా మీద పుస్తకం అచ్చు వేశారు. 1921లో గాంధీజీ 'యంగ్ ఇండియా'లో ఆయన కృషి గురించి రాశారు. ఈ రెండింటికీ తేదీ ఉంది, అచ్చు కాగితం ఉంది, ఎవరూ కాదనలేరు. కోటలో జరిగినదాన్ని కూడా అంత గట్టిగా నిలబెట్టాలంటే కావాల్సింది అలాంటిదే. ఒక తేదీ ఉన్న ఉత్తరం, ఒక పద్దు పుస్తకంలో రాసిన ఖర్చు. ఊరు చెప్పుకునే మాటకూ చరిత్రకూ మధ్య దూరం ఒక్కోసారి ఒక కాగితం ముక్కంత.

రాయి మీద రాసినవాళ్లు, కాల్చేసినవాళ్లు

పేరున్న కుటుంబాలు తమ గుర్తులు దాచుకోవడం మన దగ్గర కొత్తేం కాదు. సూర్యాపేట పక్కనే పిల్లలమర్రి ఉంది కదా. కాకతీయుల కింద ఉన్న రేచర్ల రెడ్ల కుటుంబం అక్కడ గుళ్లు కట్టించి శాసనాలు వేయించింది. 1195, 1208 నాటి శాసనాలు ఇప్పటికీ ఉన్నాయి. ఎనిమిది వందల ఏళ్ల బ్యాకప్! చెద పట్టదు, పాస్‌వర్డ్ మర్చిపోయే పని లేదు. కాకపోతే రాయి మీద ఎవరూ అనుమానాలు రాసుకోరు, అప్పుల బాధ రాసుకోరు, తమ్ముడి మీద కోపం రాసుకోరు. శాసనంలో మనిషి ప్రొఫైల్ పిక్చర్ ఉంటుంది. అసలు మనిషి ఉత్తరంలో ఉంటాడు.

దీనికి పూర్తిగా రివర్స్ ఇంకోటి. అదే సూర్యాపేట ప్రాంతంలో కరివిరాల కొత్తగూడెం. భీమిరెడ్డి నరసింహారెడ్డి, మల్లు స్వరాజ్యం పుట్టిన ఇల్లు. అన్నాచెల్లెళ్లిద్దరూ తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్నారు. అలాంటి రోజుల్లో ఇంట్లో దొరికిన ఒక చీటీ మనిషిని జైలుకు పంపగలదు, అంతకన్నా ఘోరం కూడా చేయగలదు. అజ్ఞాతంలో ఉన్న మనిషి ఉత్తరం దాచుకోడు, చదివి మాయం చేస్తాడు. అక్కడ కాగితం లేకపోవడం కూడా చరిత్రే.

మరి ఆ కథ ఎలా మిగిలింది? అడిగినవాళ్లు ఉన్నారు కాబట్టి. స్త్రీ శక్తి సంఘటన వాళ్లు టేపు రికార్డర్లు పట్టుకుని తిరిగి, పోరాటంలో ఉన్న ఆడవాళ్ల మాటలు రికార్డు చేసి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' వేశారు. స్వరాజ్యం గారి ఆత్మకథ 'నా మాటే తుపాకి తూటా' 2019లో వచ్చింది. ఆమె 2022 మార్చి 19న పోయారు. మూడేళ్ల తేడా! ఇంకొంచెం ఆగుదాం అనుకుని ఉంటే ఆ పుస్తకం ఉండేదా?

కాబట్టి ఇంట్లో పెట్టె లేకపోయినా నిరాశ పడక్కర్లేదు. నాయనమ్మ ఉంటే చాలు, ఫోన్లో వాయిస్ రికార్డర్ ఉంది.

"మాది రాజుల ఇల్లు కాదు కదా"

ఈ మాట చాలామంది అంటారు. సరే, రాజుల ఇల్లు కాదు. మిర్యాలగూడలో పాత రైసు మిల్లు ఉన్న ఇంట్లో చిట్టా ఆవర్జాలు ఉంటాయి. ఏ ఏడు వడ్లు ఎంత ధర పలికాయి, సాగర్ ఎడమ కాల్వ నీళ్లు వచ్చాక ఎన్ని బండ్లు ఎక్కువొచ్చాయి, ఎవరు అప్పు తీసుకున్నారు, ఎవరు తీర్చలేదు, అన్నీ అందులోనే. ఒక ఊరు ఎలా మారిందో తెలుసుకోవడానికి అంతకన్నా నిజాయితీ ఉన్న పుస్తకం దొరకదు. ఎందుకంటే ఎవరినీ మెప్పించడానికి రాసింది కాదది.

పట్వారీ చేసిన ఇళ్లల్లో పాత పహాణీ నకళ్లు ఉంటాయి. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం పటేల్ పట్వారీ వ్యవస్థ తీసేసింది. ఉద్యోగం పోయింది కానీ చాలా ఇళ్లల్లో కాగితాల మూటలు అటక మీదే ఉండిపోయాయి. 1954-55 ఖాస్రా పహాణీ కోసం ఇప్పటికీ భూమి తగాదాల్లో జనం ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు. 2020లో ధరణి వచ్చింది, 2025లో భూభారతి వచ్చింది. పోర్టల్ పేరు మారినప్పుడల్లా వెతుక్కునేది మాత్రం పాత కాగితమే.

ఇక ఆ ఉర్దూ కాగితాలు. నిజాం కాలంలో సర్కారు పని ఉర్దూలో నడిచింది. దాని మీద ఉన్న సంవత్సరం చూసి భయపడకండి, అది ఫసలీ. దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం దాదాపుగా వస్తుంది. 1358 ఫసలీ అంటే 1948-49, అంటే పోలీసు చర్య అయిన వెంటనే. రూపాయలు అని ఉంటే అవి హాలీ రూపాయలు కావచ్చు, నిజాం సొంత సిక్కా. ఆ రాతను గడగడా చదివే పెద్దవాళ్లు ప్రతి ఊళ్లోనూ తగ్గిపోతున్నారు. కాగితం ఇంకో యాభై ఏళ్లు ఆగుతుందేమో, చదివి చెప్పే మనిషి ఆగడు. ఈ మొత్తం పనిలో అసలు తొందర ఇక్కడే ఉంది.

ఉత్తరం ఎవరిది?

పెద్ద ఇళ్లల్లో పెద్ద గొడవ ఇది. నెహ్రూ ఉత్తరాల సంగతి వార్తల్లో చూసే ఉంటారు. ఢిల్లీలో నెహ్రూ మెమోరియల్ లైబ్రరీలో ఉన్న ఆయన కాగితాల్లో 51 పెట్టెలు 2008లో కుటుంబం దగ్గరికి తిరిగి వెళ్లాయి. ఎడ్వినా మౌంట్‌బాటన్, ఐన్‌స్టీన్, జయప్రకాశ్ నారాయణ్ లాంటివాళ్లతో నడిచిన ఉత్తరాలు అందులో ఉన్నాయని వార్తలు. ఇప్పుడు ప్రధానమంత్రుల మ్యూజియంగా పేరు మారిన ఆ సంస్థ 2024 నుంచి వాటిని వెనక్కి ఇమ్మని, కనీసం కాపీలైనా ఇమ్మని అడుగుతోంది. ఒకవైపు "మా ముత్తాత సొంత ఉత్తరాలు", ఇంకోవైపు "దేశం చరిత్ర". రెండు మాటల్లోనూ నిజం ఉంది. అందుకే అది అంత తేలిగ్గా తెగదు.

మన ఇంటికి ఇందులోంచి రెండు సంగతులు పనికొస్తాయి. ఒకటి, ఉత్తరం కాగితం అందుకున్నవాళ్ల ఆస్తి, కానీ అందులోని రాత మీద కాపీరైట్ రాసినవాళ్లది, వాళ్ల తర్వాత వారసులది. కాబట్టి తాతకు ఎవరో రాసిన ఉత్తరం మీ దగ్గరుంది కదా అని అచ్చేసుకోవడం కుదరకపోవచ్చు. రెండు, దాచడం వేరు, బయటపెట్టడం వేరు. ఉత్తరాల్లో ఎవరి జబ్బో, ఎవరి కట్నం గొడవో, విడిపోయిన పెళ్లో ఉంటుంది. ఆ మనుషుల పిల్లలు మన ఊళ్లోనే ఉంటారు. పెద్ద ఆర్కైవ్‌లు చేసే పని మనమూ చేయొచ్చు. "ఇన్నేళ్ల దాకా తెరవొద్దు" అని ఒక కవరు మీద రాసి పక్కన పెట్టడం. కాల్చడం మాత్రం వద్దు. సిగ్గుపడే విషయం యాభై ఏళ్ల తర్వాత చరిత్ర అవుతుంది. బూడిద ఏదీ కాదు.

గురజాడ సంగతే చూడండి. 1915లో పోయారు. ఆయన డైరీలు, ఉత్తరాలు ఎక్కువగా ఇంగ్లీషులో రాసుకున్నవి. అవసరాల సూర్యారావు లాంటివాళ్లు వాటిని తెలుగు చేసి అచ్చులోకి తెచ్చాక గానీ 'కన్యాశుల్కం' వెనక ఉన్న మనిషి, అతని జబ్బులు, సందేహాలు, పట్టుదల పాఠకుడికి తెలియలేదు. ఇల్లు దాచింది, ఇంకెవరో చదివారు. దాచేవాళ్లూ చదివేవాళ్లూ ఒక్కరే కానక్కర్లేదు.

ఈ ఆదివారం చేయాల్సింది

ఖర్చు లేదు. రెండు గంటలు చాలు.

పెట్టె తెరవగానే సర్దకండి. ఏ కట్టలో ఏది ఉందో అలాగే ముందు ఒక ఫొటో తీయండి. తాత రెండు ఉత్తరాలు కలిపి దారం కట్టాడంటే దానికో కారణం ఉంటుంది. ఆ వరుస కూడా సమాచారమే.

తుప్పు పట్టిన గుండుసూదులు, స్టేపుల్ పిన్నులు మెల్లగా తీసేయండి. చిరిగినదానికి సెల్లో టేపు వేయొద్దు, కొన్నేళ్లకు అది పసుపెక్కి కాగితాన్నే తింటుంది. లామినేషన్ అసలే వద్దు. జిరాక్స్ షాపులో ఇరవై రూపాయలకు చేసే ఆ పని వెనక్కి తీయలేనిది. నంబరు వేయాలంటే పెన్సిల్‌తో, వెనక మూలన.

ఫొటో తీసేటప్పుడు పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, రెండు వైపులా తీయండి. కవరు కూడా. చాలా ఉత్తరాల్లో తేదీ ఉండదు, పోస్టు ముద్రలో ఉంటుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గి అక్షరాలు చెదిరిపోతాయి, డాక్యుమెంట్‌గా పంపండి. ఫైలు పేరు "స్కాన్ 1" అని కాకుండా సంవత్సరం, నెల, ఎవరు ఎవరికి అని పెట్టండి.

కాపీలు మూడు. రెండు రకాల చోట్ల, అంటే ఒకటి హార్డ్‌డిస్కులో, ఒకటి క్లౌడ్‌లో. అందులో ఒకటైనా వేరే ఊళ్లో ఉండాలి. మిర్యాలగూడలో మీరుంటే, హైదరాబాద్‌లో ఉన్న చిన్నమ్మ కూతురి దగ్గర ఒకటి. ఒక కొమ్మ దగ్గర పోయినా ఇంకో కొమ్మ దగ్గర ఉంటుంది. దాయాదుల తగాదాల్లో ఎవరూ "అసలు నా దగ్గరే ఉంది" అని కూర్చోకుండా ఉండటానికి కూడా ఇదే మందు.

అసలు కాగితాలు అటక మీద వద్దు, అక్కడ ఎండ వేడి. నేల మీద వద్దు, చెమ్మ, చెదలు. బీరువాలో మధ్య అరలో, శుభ్రమైన కాటన్ గుడ్డలో చుట్టి పెట్టండి. ఆరు నెలలకోసారి తెరిచి చూడండి. రామబాణం పురుగుకు మనిషి చెయ్యి తగలని చోటంటేనే ఇష్టం.

ఇంట్లో పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో ఫొటో చూపిస్తూ "తాతా, ఈయన ఎవరు?" అని అడిగి రికార్డు చేయండి. పేరు లేని ఫొటో ఇంకో తరానికి ఎవరిదో ఫొటో. తెలుగు గొలుసుకట్టు రాతను, ఉర్దూ షికస్తాను యాప్‌లు ఇంకా సరిగ్గా చదవలేవు. ఆ చదువు మనుషుల దగ్గరే ఉంది.

కాగితాలు నిజంగా విలువైనవని అనిపిస్తే, అవి ఊరికీ ఉద్యమానికీ సంబంధించినవైతే, తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌ను అడగండి. మొఘల్ కాలం నాటి ఫార్సీ కాగితాలు ఇప్పటికీ భద్రంగా ఉన్న చోటది.

మరి మన ఉత్తరాలు?

చివరగా మన సంగతి. మన తాతలు ఉత్తరాలు రాశారు, మనం చాట్ చేస్తాం. రాజుగారి పెట్టెకు చెద భయం, మన పెట్టెకు లాగిన్ భయం. రెండేళ్లు వాడకపోతే గూగుల్ ఆ అకౌంట్‌ను తీసేయొచ్చు. అందులోని మెయిళ్లు, ఫొటోలు అన్నీ దాంతోపాటే. తాళం చెవి పోయిన రేకు పెట్టెనైనా సుత్తితో పగలగొట్టొచ్చు, పాస్‌వర్డ్‌ను పగలగొట్టలేం.

అందుకే గూగుల్ సెట్టింగ్స్‌లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ ఉంది, ఐఫోన్‌లో లెగసీ కాంటాక్ట్ ఉంది. మన తర్వాత ఎవరికి ఇవ్వాలో ముందే చెప్పి పెట్టొచ్చు. 2023 డిజిటల్ పర్సనల్ డేటా చట్టంలో కూడా నామినీని పెట్టుకునే హక్కు రాశారు. బ్యాంకు అకౌంట్‌కు నామినీ పెడతాం కదా, అమ్మతో చేసిన చాట్‌కు ఎందుకు పెట్టకూడదు?

లక్ష్మణరావు గారికి 46 ఏళ్లు దొరికాయి, అచ్చమాంబ గారికి 30. తెలుగువాడికి ప్రపంచంలోని విషయాలన్నీ ఒకచోట పెట్టివ్వాలని ఆయన అనుకున్నారు. మనల్ని ఎవరూ అంత పెద్ద పని అడగట్లేదు. ఒక రేకు పెట్టెలో ఉన్నవి ఒకచోట పెడితే చాలు. తాళం చెవి అమ్మనడగండి, ఆమెకు తెలిసే ఉంటుంది.